పల్లకీ మోత ఆగకుండా ఇంట్లో పొదుపు చేయడం ఎలా?

పొదుపు గురించి పత్రికల్లో వచ్చే చిట్కాలన్నింటిలో ఒక పెద్ద లోపం ఉంది. పాటిస్తే డబ్బు మిగులుతుంది. డబ్బు మిగిలిన ఇంటి సంగతి మీకు తెలియనిది కాదు. బావమరిది చేబదులుకొస్తాడు, ఊళ్లో గుడి జీర్ణోద్ధరణ కమిటీ రసీదు పుస్తకం పట్టుకుని దిగుతుంది, పిల్లలు అమెరికా మాటెత్తుతారు. పరువుగా బతికే మధ్యతరగతి గృహస్థుకు కావలసింది వేరు. పొదుపరినన్న తృప్తి రోజూ ఉండాలి, నెలాఖరుకు చేతిలో మాత్రం ఏమీ ఉండకూడదు. ఇంట్లో ఈగల మోత ఎంత వినపడ్డా బయట పల్లకీ మోత తగ్గకూడదు. ఇందుకోసం మన పెద్దలు ఎన్నో పద్ధతులు కనిపెట్టారు గానీ, ఎవరూ ఒకచోట రాసిపెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

మూలసూత్రం ఒక్కటే. పది రూపాయల ఖర్చు ఎదురైతే ప్రాణాలొడ్డి పోరాడండి. లక్ష రూపాయల ఖర్చు ఎదురైతే "తప్పదు కదా" అని నిట్టూర్చి సంతకం పెట్టండి. మధ్యలో ఉండే వందలూ వేలూ ఎలాగూ ఫోనుతో స్కాన్ చేస్తే పోతాయి. వాటిని డబ్బు కింద జమకట్టనక్కర్లేదు.

కొత్తిమీర దగ్గర తగ్గొద్దు

సాధన కూరగాయల బండి దగ్గర మొదలుపెట్టాలి. కొత్తిమీర కట్ట పదిహేనంటుంది అవ్వ. పదికిమ్మనండి. "గిట్టుబాటు కాదు బిడ్డా" అంటుంది. అక్కడ మెత్తబడ్డారా, మీ పొదుపు జీవితం ముగిసినట్టే. వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేయండి, ఆమె పిలిచేదాకా తిరిగి చూడకండి. పిలిచాక కరివేపాకు కొసరడగండి. అలా మిగిలిన ఐదు రూపాయల ఉత్సాహంతో సాయంత్రం మాల్‌కి వెళ్లి, సినిమా విరామంలో పాప్‌కార్న్ డబ్బా నాలుగు వందలకు కొనండి. అక్కడ బేరమాడకూడదు. ఏసీలో బేరమాడితే చూసేవాళ్లు ఏమనుకుంటారు? అవ్వ ఏమనుకున్నా పరవాలేదు, ఆమె మన వాట్సాప్ గ్రూపులో లేదు.

రైతుబజార్ల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లలో ధర బోర్డు మీద రాసి ఉంటుంది, పండించినవాడే అమ్ముతాడు, బేరానికి పెద్దగా చోటుండదు. కాలినడకన వెళ్లగలిగే దూరంలో రైతుబజారు ఉంటే నిజంగానే డబ్బు మిగిలిపోయే ప్రమాదముంది. అందుకని దూరంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇంటి పక్క కొట్లో టమాటా కిలో 40 అయితే, ఆరు కిలోమీటర్ల అవతల 32కే ఇస్తున్నారని విన్న వెంటనే బండి తీయండి. పెట్రోలు లీటరు 107 చొప్పున, స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే పోనూ రానూ 28 రూపాయలపైనే అవుతుంది. రెండు కిలోల టమాటా మీద మిగిలేది 16. ఇలాంటి లెక్కలు వేసేవాళ్లు జీవితంలో పొదుపు చేయలేరు. పెట్రోలు వేరు, టమాటా వేరు. రెంటికీ ముడిపెట్టడం సంసారపక్షంగా బతికేవాళ్ల లక్షణం కాదు.

ఇక ఆషాఢం వచ్చిందంటే బట్టల కొట్లు మీ కోసమే తెరిచి ఉంటాయి. ఐదు వేల చీర రెండున్నర వేలకే. ఒకటి కొంటే రెండున్నర వేలు ఆదా, నాలుగు కొంటే పది వేలు ఆదా. ఏమీ కొనకుండా ఇంటికొచ్చిన మనిషి ఆ రోజు పైసా కూడా ఆదా చేయలేదని గమనించాలి. ఈ సూత్రం చీరలకే అనుకుని మగవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. దసరాకి ఫోన్ల మీద వచ్చే తగ్గింపుల్లో పనిచేసేదీ ఇదే. పాత ఫోను బాగానే ఉంది నిజమే, కానీ ఎక్స్ఛేంజ్‌కి ఇంత మంచి ధర మళ్లీ రాదు.

పొదుపు ఎవరి చేత చేయించాలి?

జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట' (1987)లో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. జనం దాదాపు నలభై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. నన్నడిగితే అందులో అసలు నవ్వాల్సిన సంగతి ఇంకొకటి. ఆ వట్టి అన్నం ఆయన కూడా తిన్నాడు. ఇంతకన్నా తెలివితక్కువతనం ఉంటుందా? నేటి గృహస్థు అలాంటి పొరపాటు చేయడు. పొదుపు ఎప్పుడూ ఇంట్లో ఇంకొకరి చేత చేయించాలి.

ఉదాహరణకు గ్యాస్ బండ. ఇరవై ఎనిమిది రోజులకే అయిపోయిందేమని గట్టిగా అడగాలి. అడిగే మనిషీ వంట చేసే మనిషీ ఒకరే కాకుండా చూసుకోవాలి. పనమ్మాయి రెండు రోజులు నాగా పెడితే జీతంలో ఆ మేరకు కోయాలి. ఆ రెండు రోజులూ గిన్నెలు తోమిన ఇల్లాలికి ఆ కోసిన డబ్బు ఇవ్వాలన్న వికారమైన ఆలోచన రానివ్వకూడదు. చిరిగిన తువ్వాలు అమ్మకి, కొత్తది నాన్నకి. నిన్నటి కూర అమ్మకి, వేడిది మిగతావాళ్లకి. ఇది ఎంతకాలంగా నడుస్తోందంటే, దీన్ని పొదుపని కూడా ఎవరూ అనరు, ఆవిడకి నిన్నటి కూరే ఇష్టమంటారు.

నూనె దగ్గర ఇంకా మంచి అవకాశముంది. గారెలు వేసిన నూనెలో అప్పడాలు, అప్పడాల నూనెలో వడియాలు, చివర మిగిలిన నల్లటి నూనెతో పులుసుకి పోపు. వేపుడు నూనెలో మరిగేకొద్దీ పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పెట్టింది, 2018 జులై 1 నుంచి అది అమల్లో ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒకసారి మరిగిన నూనెను మళ్లీ మళ్లీ మరిగించొద్దంటుంది. అయితే మనింటికొచ్చి కొలిచేదెవరు? పైగా గుండె ఖర్చు వైద్యం పద్దులో పడుతుంది. కిరాణా పద్దు తగ్గిందా లేదా అన్నదే మనకు కావాలి.

వైద్యం పద్దు దగ్గరా ఒక చిట్కా ఉంది. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వాడమంటే మూడో రోజు జ్వరం తగ్గగానే ఆపేయండి. మిగిలిన నాలుగు మాత్రలు డబ్బాలో దాచి, వచ్చే నెల ఇంకో పిల్లాడికి వేయండి. సూక్ష్మజీవులకు మందు అలవాటైపోయి తర్వాత ఖరీదైన మందు కావాల్సి వస్తే, అది తర్వాతి సంగతి. జన్ ఔషధి కేంద్రంలో అదే మందు సగం ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. అంత చవగ్గా ఇచ్చేది పనిచేస్తుందా? పొదుపంటే ఖరీదైన మందు సగం వాడటం.

రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేయడం చాలా ఇళ్లలో ఉన్నదే. 250 లీటర్ల కొత్త ఫ్రిజ్ ఏడాదంతా తిరిగితే తినే కరెంటు సుమారు 200 యూనిట్లు. పడగ్గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే అంత కరెంటూ నెల తిరక్కుండానే లాగేస్తుంది. అయినా ఫ్రిజ్‌నే ఆపాలి. ఏసీ ఆపితే చెమట మనకి పడుతుంది, ఫ్రిజ్ ఆపితే దోసెల పిండికి పడుతుంది. ఏసీ 24 దగ్గర పెట్టుకోమని కరెంటు పొదుపు చూసే బీఈఈ వాళ్లు చెబుతారు, 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే ఆ అంకె మీదే లేస్తున్నాయి. రిమోటు ఉన్నది దేనికి? 18కి దించి రగ్గు కప్పుకోండి. అలాగే పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంటే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుందని, రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయని మీ అమ్మాయి చెబుతుంది. మూడు వేలు పెట్టి ఫ్యాను కొనడమా! పాతది తిరుగుతోందిగా.

అమ్మమ్మల కాలంలో సంవత్సరం సరుకని ఒకటుండేది. ఫాల్గుణంలో కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి కుండకెత్తేవారు. వేసవి ఎండల్లో మిరపకాయ కొని ఆరబోసి కొట్టించేవారు. పంట దిగి ధర పడినప్పుడు కొని, ధర చుక్కలనంటినప్పుడు వండుకునేవారు. ఆ పద్ధతికి కొంచెం ముందుచూపు, కొంచెం ఎండ, ఒక అటక కావాలి. అపార్ట్‌మెంట్లో మూడూ లేవనుకుని వదిలేయండి. ఇప్పుడు వంద గ్రాముల కారం పొట్లం పది నిమిషాల్లో గుమ్మంలోకొస్తుంది. డెలివరీకి ఇరవై ఐదు రూపాయలట, ఇంకో డెబ్బై రూపాయల సరుకు కలిపితే అది ఉచితమట. ఇరవై ఐదు రూపాయలు ఎవడికీ ఊరికే రాలేదు. రెండు చిప్సు పొట్లాలు, ఒక చాక్లెట్టు చేర్చి ఆ ఛార్జీ తప్పించుకోండి.

పల్లకీ ఖర్చులు

మన ఇళ్లలో ఇప్పటికీ పక్కాగా నడుస్తున్న పొదుపు వ్యవస్థ ఏదైనా ఉందంటే అది జాకెట్టు ముక్కలది. శ్రావణమాసం పేరంటంలో వచ్చిన ముక్క గృహప్రవేశానికి వెళుతుంది, అక్కణ్ణించి అట్లతద్ది వాయనంలోకి, అటునుంచి ఎవరి సీమంతానికో. ఏ ఒక్కరూ కుట్టించుకోరు. నాలుగిళ్లు తిరిగి అదే మడతతో బయల్దేరిన ఇంటికే వచ్చిన ముక్కలున్నాయి. రిజర్వు బ్యాంకు నోటు కూడా ఇంత శుభ్రంగా చలామణీ కాదు. స్టీలు గిన్నెలకూ ఈ యోగం ఉండేది గానీ, పేర్లు చెక్కించే అలవాటు దాన్ని చెడగొట్టింది.

ఈ తెలివిని పెళ్లి ఖర్చు దగ్గర వాడకండి. అది వేరే శాఖ.

పెళ్లిలో ప్రతి నిర్ణయానికీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: వాళ్లింట్లో ఏం పెట్టారు? వాళ్లు 30 రకాలు వడ్డిస్తే మనం 40. ఒక మనిషి పొట్టలో ఎనిమిదో తొమ్మిదో పడతాయి, మిగతావి విస్తట్లోనే ఉండిపోతాయి. ఉండిపోవడం కోసమే వాటిని వడ్డిస్తున్నాం. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాలు పేర్చి ఫొటో తీసి పత్రికలకు పంపుతారు. అల్లుడు ఏం తిన్నాడని ఏ పత్రికా రాయదు. అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. డ్రోను, ప్రీ వెడ్డింగ్ షూట్, సంగీత్, హల్దీ, వచ్చినవాళ్లకు రిటర్న్ గిఫ్టులు. కట్నం మాత్రం ఎక్కడా రాయొద్దు. 1961 నుంచి అది చట్టప్రకారం నేరం. అందుకే దాన్ని లాంఛనాల పద్దులో వేస్తారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒక మాటనుకుని, రిజిస్టరు పెళ్లి చేసి ఆ డబ్బు ఇంటి డౌన్ పేమెంటుకు ఇమ్మని అడిగే రోజులొచ్చాయి. పిల్లలకు లోకం తెలియదు. పెళ్లి వాళ్లదే కావచ్చు, పల్లకీ మనది.

బంగారం గురించి కొంత విడిగా చెప్పాలి. "బంగారం ఖర్చు కాదు, పెట్టుబడి" అన్న వాక్యం ప్రతి ఇంట్లో కంఠతా రావాలి. లక్ష రూపాయల బంగారమున్న గొలుసుకు తరుగూ మజూరీ కలిపి 15 శాతం వేశారనుకుందాం. 1,15,000. దాని మీద 3 శాతం జీఎస్టీ 3,450. కొట్టు మెట్లు దిగేలోపు 18,450 రూపాయలు మెట్ల మీదే ఉండిపోయాయి. గొలుసును మర్నాడే అమ్మితే వచ్చేది బంగారం విలువే. బీరువాలో పదేళ్లు కదలకుండా ఉంటే బంగారం ధర పెరిగి ఆ నష్టం పూడుతుంది. కాబట్టి పదేళ్లు ఉంచొద్దు. మూడేళ్లకోసారి పాత మోడలని చెప్పి మార్చి, మళ్లీ తరుగు, మళ్లీ మజూరీ, మళ్లీ జీఎస్టీ కట్టండి. నగలు కొన్న అప్పు తీర్చడానికి అవే నగలు తాకట్టు పెట్టగలిగితే మీరు ఈ విద్యలో పైస్థాయికి చేరినట్టు.

తాతయ్యను పక్క గదిలో కూర్చోబెట్టండి

అప్పు లేకుండా పల్లకీ లేవదు. అప్పులో పాటించాల్సిన ముఖ్యమైన జాగ్రత్త ఒకటే: వడ్డీ రేటు గురించి మాట్లాడేటప్పుడు పల్లెటూళ్లో బతికిన పెద్దమనిషి దగ్గరుండకూడదు. ఆయనకు శాతాలు తెలియవు. నూటికి నెలకెంత అని అడుగుతాడు. ఊళ్లో రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ, రెండు రూపాయలంటే అవసరానికి తప్పదు, మూడు రూపాయలంటే ఆ వడ్డీ వ్యాపారి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగరు. అలాంటి మనిషి ముందు మీ క్రెడిట్ కార్డు కాగితం పెడితే, నెలకు 3.5 శాతమంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ కదురా అంటాడు. ఆ మాట పిల్లల చెవిన పడితే ఇంట్లో గౌరవం ఉండదు.

కార్డు విషయంలో మన సూత్రం: "కనీసం కట్టాల్సిన మొత్తం" అన్నదాన్నే చూడాలి. లక్ష బాకీ ఉంటే, అది 5 శాతమనుకుంటే, 5,000 కడితే చాలు. ఎంత మర్యాదస్తులు! ఈ ఐదు వేలల్లో వడ్డీ 3,500, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 630. అసలులో తగ్గింది 870. కొత్తగా ఏమీ కొనకపోయినా లక్ష కాస్తా 99,130 అవుతుంది. కొత్తగా కొంటే కొన్న రోజు నుంచే వడ్డీ, ఎందుకంటే బాకీ మిగిల్చినవాళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఐదు వేలు కట్టి 870 తీర్చడం చేదనిపిస్తే కాగితం చివరిదాకా చదవకండి, మొదటి పేజీలో రివార్డు పాయింట్లు ఉంటాయి, అవి చూడండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని అర్థం చేసుకోండి. అసలు సున్నా శాతం వడ్డీ అనేది ఉండదని, ఆ భారం ఏదో రూపంలో కొనేవాడి మీదే పడుతుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదుకు ఇచ్చే తగ్గింపు ఈఎంఐ వాళ్లకు ఇవ్వరు, లేదా ఇచ్చిన తగ్గింపు వడ్డీగా తిరిగి తీసుకుంటారు, పైన ప్రాసెసింగ్ ఫీజు. ఇవన్నీ అడిగితే అమ్మే కుర్రాడు నొచ్చుకుంటాడు.

ఇప్పుడు ఇంటి అప్పు. ఇది మాత్రం అసలు ఎవరితోనూ చర్చించకూడదు. 50 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అయితే నెలకు కట్టేది 43,391. మొదటి నెల కట్టినదాంట్లో 35,417 వడ్డీకే పోతుంది. అదే వడ్డీ 8.25 అయితే కట్టేది 42,603. తేడా నెలకు 788 రూపాయలు, 20 ఏళ్లకు 1,89,120. కొత్తగా చేరేవాళ్లకు తక్కువ వడ్డీ ఇస్తూ పాతవాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేయడం మామూలే, చాలా బ్యాంకులు అడిగితే కొంత ఫీజు తీసుకుని తగ్గిస్తాయి. కానీ అడగాలంటే ఒక పూట సెలవు పెట్టాలి, మేనేజరు ముందు కూర్చోవాలి, కాగితం రాయాలి. మనం కొత్తిమీర దగ్గరే చూసుకుందాం. కట్టకు ఐదు రూపాయల చొప్పున 1,89,120 రూపాయలు మిగలాలంటే 37,824 కట్టలు కొనాలి. రోజుకో కట్ట చొప్పున నూట మూడేళ్లు. అవ్వకు అంత ఆయుష్షు కలగాలని కోరుకుందాం.

బీమా మార్చి చివరి వారంలో కొనాలి. పన్ను తగ్గుతుందని పక్క సీటాయన చెప్పగానే, ఏజెంటు చూపించిన చోట సంతకం పెట్టాలి. మీరు ఎంచుకున్నది కొత్త పన్ను విధానమైతే అందులో 80సి మినహాయింపు అసలు లేదు, అయినా పెట్టాలి, ఏజెంటు మన దూరపు బంధువు. ఏడాదికి పాతిక వేల ప్రీమియం, ఐదు లక్షల పాలసీ. మీరు పోతే ఇంట్లోవాళ్లకు ఐదు లక్షలొస్తాయి, పైన చెప్పిన ఇంటి అప్పుకు ఏడాది వాయిదాలు కూడా కాదు. అంతకన్నా తక్కువ ప్రీమియంతో కోటి రూపాయల టర్మ్ పాలసీ ఉందట. కానీ బతికుంటే ఏమీ ఇవ్వరట! డబ్బులు కట్టి, బతికి, నష్టపోవడమా? ఈ ప్రశ్నకు మన సమాజంలో ఇంతవరకూ ఎవరూ గట్టిగా జవాబు చెప్పలేకపోయారు.

చీటీ వేయండి, అయితే రెండో నెలలోనే ఎక్కువ పాటకు పాడుకుని ఎత్తేయండి. చివరిదాకా ఆగినవాడికి మన నష్టం లాభంగా వెళుతుంది, అంతకన్నా పుణ్యమేముంది? రిజిస్టరైన కంపెనీలో ఫోర్‌మన్ కమిషన్‌కు పరిమితి ఉంటుంది, 2019 సవరణ తర్వాత అది 7 శాతం. కాలనీలో పుస్తకం మీద నడిచే చీటీకి ఏ పరిమితీ లేదు, రసీదు లేదు, నమ్మకమే ఆధారం. నమ్మకం ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతుంది.

ప్రీ లాంచ్ ప్లాట్ల గురించి ఒక్క మాట. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడం 2016 చట్టం ప్రకారం చెల్లదు. అందుకే చవక.

పోపుల డబ్బా ప్రమాదం

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఇంట్లో ఒక లీకేజీ మిగిలిపోతుంది. ఇల్లాలు మీకు తెలియకుండా డబ్బు దాస్తుంది. పోపుల డబ్బాలో, బియ్యం డబ్బా అడుగున, పాత చీర మడతల్లో. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవనగానే లక్షల ఇళ్లలో ఈ నిధులు ఒక్కసారిగా బయటపడ్డాయి. కొత్తిమీర దగ్గర, తువ్వాలు దగ్గర, నిన్నటి కూర దగ్గర మిగిలిన డబ్బది. మగవాళ్లు మొదట కోప్పడ్డారు, తర్వాత ఆ డబ్బుతోనే ఆ నెల గడుపుకున్నారు. అందువల్ల ఆమె ఎంత దాస్తోందో అడగకండి, మీ అప్పెంతో చెప్పకండి. ఇద్దరి లెక్కా ఒక కాగితం మీదికి వచ్చిన రోజు ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతులన్నీ కుప్పకూలతాయి.

ఇలా జరిగిన దాఖలా ఉంది కాబట్టే హెచ్చరిస్తున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. కూలి డబ్బు ఇంటికి రాకముందే సారా కొట్టుకు పోతోందని వాళ్లకు లెక్క తెలుసు. ఇంట్లో ఉప్పూ పప్పూ తగ్గించుకోవడం వాళ్లకు కొత్త కాదు, అప్పటికే తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. అందుకని ముందు ఆ పెద్ద కన్నం మూశారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాతే అదే జిల్లాలో పొదుపు లక్ష్మి పేరుతో సంఘాలు కట్టి, రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. లక్షలు పోయే చోటు ముందు, రూపాయి తర్వాత. మనం ఇంతసేపూ నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి. పైగా లెక్క పుస్తకం అందరి ముందూ చదివేవారు. ఎవరెంత వేశారు, ఎవరెంత తీసుకున్నారు, ఎప్పటికి కడతారు, అన్నీ బాహాటంగా. పరువున్న కుటుంబాల్లో ఇలాంటివి జరగవు.

కాబట్టి గృహస్థులకు చివరగా ఒక మనవి. మీ ఆవిడ ఏదో ఒక ఆదివారం పొద్దున్నే కార్డు స్టేట్‌మెంటు, ఇంటి అప్పు కాగితం, పాలసీ బాండ్లు, చీటీ పుస్తకం, తన పోపుల డబ్బాతో సహా బల్ల మీద పరిచి, "పిల్లల్ని కూడా పిలిచాను, ఒక్క గంట కూర్చుందాం రండి" అంటుంది. ఆ క్షణంలో మీకు ఆఫీసులో అత్యవసరమైన పని గుర్తుకు రావాలి. ఆదివారమైనా సరే.